కాగితం లేని కష్టం

శ్రోతలందరికీ నమస్కారం.

2024 మార్చి 26. అమెరికాలోని బాల్టిమోర్ నగరం. రాత్రి ఒంటిగంటన్నర కావస్తోంది. ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే పెద్ద వంతెన మీద ఎనిమిది మంది ఉన్నారు. రోడ్డులో పడ్డ గుంతలు పూడ్చే పని నడుస్తోంది. కింద నీళ్లలో డాలీ అనే సరుకుల ఓడ కొలంబోకు బయలుదేరింది. ఉన్నట్టుండి ఓడలో కరెంటు పోయింది, ఓడ అదుపు తప్పింది. ఓడలోంచి హెచ్చరిక అందగానే పోలీసులు నిమిషంన్నరలో వంతెన మీదికి వచ్చే వాహనాలన్నీ ఆపేశారు. ఎంతమంది ప్రాణాలు దక్కాయో చెప్పలేం. పనివాళ్లను కూడా కిందికి దించాలని ఒక పోలీసు రేడియోలో మాట్లాడుతుండగానే ఓడ స్తంభాన్ని గుద్దింది. వంతెన కూలిపోయింది. ఎనిమిది మందిలో ఇద్దరు బతికారు. చనిపోయిన ఆరుగురూ మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్ దేశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు.

ఊరంతా నిద్రపోతున్న వేళ, పొద్దున ఆఫీసులకు వెళ్లేవాళ్ల కోసం రోడ్డు బాగుచేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల గురించి, వాళ్లలాంటివాళ్ల గురించి ఇవాళ మీతో మాట్లాడాలనిపించింది.

స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లను అమెరికాలో హిస్పానిక్ అంటారు. 2020 జనాభా లెక్కల్లో వీళ్లు 6 కోట్ల 21 లక్షల మంది. వీళ్లంతా వలస వచ్చినవాళ్లే అనుకుంటే పొరపాటు. ఎక్కువమంది అక్కడే పుట్టిన పౌరులు. ప్యూర్టోరికో వాళ్లకైతే 1917 నుంచే అమెరికా పౌరసత్వం ఉంది. నేను చెప్పబోయేది బతుకుతెరువు కోసం సరిహద్దు దాటినవాళ్ల సంగతి.

వాళ్లు పిలవకుండా వచ్చారని చాలామంది అంటారు. పిలిచారండీ. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోతే పొలాల్లో పనిచేసేవాళ్లు కరువయ్యారు. 1942లో అమెరికా, మెక్సికోతో ఒప్పందం చేసుకుని కూలీలను రప్పించుకుంది. దాని పేరు బ్రసేరో పథకం. స్పానిష్‌లో బ్రాసో అంటే చెయ్యి. చేతులు కావాలని పిలిచారు, చేతులే వచ్చాయి. 1964 వరకు దాదాపు 46 లక్షల ఒప్పందాలు రాసుకున్నారు. కూలీలను బట్టలు విప్పించి, ఒంటి మీద డీడీటీ అనే పురుగుమందు చల్లి లోపలికి పంపేవాళ్లు. మొదటి ఏళ్లలో జీతంలో పదో వంతు పొదుపు పేరుతో పట్టుకున్నారు. తిరిగి ఊరు వెళ్లాక ఇస్తామన్న ఆ డబ్బు చాలామందికి అందనే లేదు. ముసలివాళ్లయ్యాక కూడా దానికోసం కోర్టుల చుట్టూ తిరిగారు.

1964లో పథకం ఆగిపోయింది. పొలంలో పని మాత్రం ఆగలేదు. మరుసటి ఏడాది వచ్చిన వలస చట్టం లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చేవాళ్లకు మొదటిసారి పరిమితి పెట్టింది. అదే మనిషి, అదే తోట, అదే యజమాని. నిన్నటిదాకా కూలీ, ఇవాళ్టి నుంచి అక్రమ వలసదారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే తర్వాతి అరవై ఏళ్ల కథ సగం అర్థమవుతుంది.

పొలం పని ఎలా ఉండేదో ఒక చిన్న పనిముట్టు చెబుతుంది. కాలిఫోర్నియా తోటల్లో కలుపు తీయడానికి పొట్టి పిడి పార ఇచ్చేవాళ్లు. కూలీలు దాన్ని ఎల్ కోర్తితో, అంటే పొట్టిది, అనేవాళ్లు. దాంతో పనిచేయాలంటే రోజంతా నడుం వంచే ఉండాలి. ఎవరైనా నిటారుగా నిలబడితే మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోయేది. నడుములు పాడైపోయి, కోర్టు దాకా వెళ్లి పోరాడితే 1975లో ఆ పారను నిషేధించారు. నాట్లు వేసి, కలుపు తీసి నడుం పట్టేసిన మన పల్లెల ఆడవాళ్లకు ఆ బాధ నేను వివరించనక్కర్లేదు.

మరి చట్టం ఏం చేస్తోంది? 1935లో సంఘాలు పెట్టుకునే హక్కు ఇచ్చిన కేంద్ర చట్టం వ్యవసాయ కూలీలను బయట పెట్టింది. 1938లో కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఇచ్చిన చట్టమూ అదే చేసింది. కనీస వేతనం తర్వాత కొంతమందికి వచ్చింది కానీ, కేంద్ర చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ ఇప్పటికీ లేదు. 1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్ష తోటల్లో లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిప్పీన్స్ కూలీలు సమ్మె మొదలుపెట్టారు. సీజర్ చావెజ్, డోలొరెస్ వెర్తా నడిపే మెక్సికన్ కూలీల సంఘం వాళ్లతో కలిసింది. అయిదేళ్లు పట్టింది యజమానులతో ఒప్పందానికి. ఎండలో పనిచేసేవాళ్లకు నీళ్లు, నీడ, విశ్రాంతి ఇచ్చి తీరాలని కాలిఫోర్నియా నిబంధన పెట్టింది 2005లో. పెట్టిన మూడేళ్లకే ఒక ద్రాక్ష తోటలో పదిహేడేళ్ల గర్భిణి వడదెబ్బతో చనిపోయింది. నీళ్లు దూరంగా ఉన్నాయి.

నిబంధన ఉన్నా ఆ పిల్ల ఎందుకు చనిపోయింది? నా ఆలోచన అంతా ఇక్కడే ఆగుతుంది. ఆకలి కన్నా, ఎండ కన్నా పెద్ద కష్టం నోరు విప్పలేకపోవడం. ఆ దేశంలో ఉండటానికి అనుమతి కాగితాలు లేని మనిషి నీళ్లు అడగడానికి కూడా భయపడతాడు.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేబర్ అడ్డాలు చూసే ఉంటారు. టిఫిన్ డబ్బా పట్టుకుని, ఏ బండి ఆగుతుందా అని ఎదురుచూసే అడ్డా కూలీలు. లాస్ ఏంజెలెస్‌లో, హ్యూస్టన్‌లో ఇళ్ల సామాను అమ్మే పెద్ద దుకాణాల ముందు అచ్చం అలాగే నిలబడతారు. అక్కడ వాళ్లను హొర్నలేరోలు అంటారు. పికప్ ట్రక్ ఆగుతుంది, ఇద్దరో ముగ్గురో ఎక్కుతారు. సాయంత్రం పని అయ్యాక, డబ్బు రేపు ఇస్తానని వెళ్లిపోయి మళ్లీ కనబడని యజమానులున్నారు. చట్ట ప్రకారం కాగితాలు లేకపోయినా చేసిన పనికి కూలి ఇవ్వాల్సిందే. కానీ ఫిర్యాదు చేయాలంటే పేరు, చిరునామా రాసివ్వాలి. ఆ రాసిచ్చిన కాగితం ఎవరి చేతికి పోతుందోనన్న టెన్షన్‌తో చాలామంది కూలి వదులుకుంటారు.

భయం ఉన్నచోట మోసగాడు ఉంటాడు. లాటిన్ అమెరికాలో నోతారియో అంటే పెద్ద చదువు చదివిన న్యాయవాది. అమెరికాలో నోటరీ అంటే సంతకానికి సాక్షిగా ముద్ర వేసేవాడు, అంతే. ఈ తేడా తెలియని కొత్తవాళ్లకు, కాగితాలు చేయిస్తామని నోతారియో బోర్డు పెట్టుకుని వేల డాలర్లు గుంజుతారు. తప్పుడు దరఖాస్తు పెట్టి, ఉన్న ఒక్క అవకాశమూ పోగొడతారు. సరిహద్దు దాటించే దళారీకి, వాళ్ల మాటలో కొయోటేకి, కట్టాల్సిన అప్పు అప్పటికే నెత్తిన ఉంటుంది. గల్ఫ్ ఏజెంటుకు డబ్బు కట్టడానికి పొలం తాకట్టు పెట్టిన జగిత్యాల, నిజామాబాద్ కుటుంబాలకు ఈ లెక్క బాగా తెలుసు.

నన్ను ఎక్కువగా కలచివేసేది పిల్లల సంగతి. అమ్మకు ఇంగ్లిష్ రాదు. ఆసుపత్రికి పదేళ్ల కూతురు తోడు వెళుతుంది. డాక్టరు చెప్పే జబ్బు పేరు ముందు ఆ పిల్ల వినాలి, అర్థం చేసుకోవాలి, తర్వాత అమ్మకు చెప్పాలి. ఎంత చెప్పాలో, ఎంత దాచాలో ఆ వయసులో ఎలా తెలుస్తుంది? మెక్సికోలోని ఓహాకా కొండల నుంచి వచ్చిన మిస్తెకో అనే ఆదివాసీ కూలీలలో కొందరికి స్పానిష్ కూడా సరిగా రాదు. వాళ్లకు రెండు భాషల గోడలు.

ఒక మంచి తీర్పు గురించి చెప్పాలి. కాగితాలు లేవని పిల్లలను ప్రభుత్వ బడికి రానివ్వకపోవడం కుదరదని 1982లో అక్కడి సుప్రీంకోర్టు టెక్సస్ కేసులో చెప్పింది. దానివల్ల లక్షలమంది చదువుకున్నారు. కానీ బడి దాటాక? చిన్నప్పుడే వచ్చి అక్కడే పెరిగిన పిల్లల కోసం 2012లో డాకా అనే ఏర్పాటు వచ్చింది. అది అక్కడ ఉండి పనిచేసుకోవడానికి రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాల్సిన అనుమతి మాత్రమే, పౌరసత్వం కాదు. ఆ పిల్లల్లో చాలామందికి ఇప్పుడు పిల్లలున్నారు. బతుకు ఇంకా రెండేళ్ల గడువుల్లోనే నడుస్తోంది.

వీళ్లు పన్నులు కట్టరన్న మాట తరచూ వింటాం. కాగితాలు లేనివాళ్లు 2022లో కట్టిన పన్నులు 9,670 కోట్ల డాలర్లని పన్నుల విధానాన్ని అధ్యయనం చేసే ఒక సంస్థ అంచనా. సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను పథకం కోసం వాళ్ల జీతంలోంచి పోయే డబ్బు పింఛనుగా వాళ్లకు తిరిగి రాదు. 2026 జనవరి నుంచి, నగదు ఇచ్చి సొంత దేశానికి పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను కూడా పడింది. బ్యాంకు ఖాతా నుంచి పంపేవాళ్లకు ఆ పన్ను లేదు. ఖాతా తెరవడానికి భయపడేవాళ్లు ఎవరో మీకిప్పటికి తెలుసు.

వాళ్ల సంగతి వేరు, మన సంగతి వేరు అని మనవాళ్లు అనగా విన్నాను. నాకు బాధ కలిగింది. వీసా మోసాలు పట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీలో చేరి 2019 జనవరిలో పట్టుబడ్డవాళ్లలో ఎంతమంది తెలుగు పిల్లలో గుర్తుందా? 2025 ఫిబ్రవరిలో చేతులకూ కాళ్లకూ సంకెళ్లు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపిన 104 మంది మన దేశస్థులే.

బాల్టిమోర్‌కు మళ్లీ వెళదాం. ఆరో మనిషి శవం దొరికింది మే 7న. నలభై రెండు రోజులు అతని కుటుంబం ఎదురుచూసింది. అన్ని రోజులూ డాలీ ఓడ విరిగిన వంతెన ఇనుము కింద ఇరుక్కుని అక్కడే ఉంది. అందులోని 21 మంది సిబ్బందిలో 20 మంది భారతీయులు, ఒకరు శ్రీలంకవారు. విచారణ కోసం వాళ్ల ఫోన్లు తీసుకున్నారు. ఒడ్డు కళ్లెదుటే కనబడుతోంది. దిగడానికి కావాల్సిన అనుమతి కాగితాలు లేక, వాళ్లు వారాల తరబడి ఆ ఓడలోనే ఉండిపోయారు.