ఇంట్లో చేసుకునే మలపరీక్ష కిట్: కడప ఎండకు తట్టుకుంటుందా?

నమస్కారం. ఈరోజు చూపించబోయేది భోజనం చేస్తూ చూడదగిన వస్తువు కాదు కాబట్టి, కంచం ముందున్నవారు చేయి కడుక్కున్నాకే రండి. మలంలో కంటికి కనబడకుండా కలిసివచ్చే రక్తాన్ని ఇంట్లోనే పట్టిచూపే కిట్ ఇది. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డలున్నా, పెద్దవైన పాలిప్‌లు (పేగు లోపలి గోడమీద మొలిచే బుడిపెలు) ఉన్నా నొప్పి తెలియకుండానే అప్పుడప్పుడు కాస్త రక్తం కారుతుంది. ఆ జాడ కోసమే ఈ పరీక్ష.

పాత గ్వాయాక్ పద్ధతిలో మలాన్ని అట్టమీద పూసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే, రక్తంలోని హీమ్ అనే ఇనుము ఉన్న పదార్థం వల్ల నీలిరంగు తేలేది. అది మనిషి రక్తమో మేక రక్తమో ఆ అట్టకు తెలియదు. ఆదివారం రక్తం వేపుడు తిన్న మన సీమవాసికి సోమవారం అట్ట నీలంగా మారితే ఆశ్చర్యం లేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఫిట్ (ఫీకల్ ఇమ్యునోకెమికల్ టెస్ట్) రకం. ఇందులోని యాంటీబాడీలు మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే పట్టుకుంటాయి కనుక పథ్యం అక్కరలేదు.

మా నాన్నగారికి చేయించినప్పుడు చిక్కంతా మలాన్ని తీయడంలోనే వచ్చింది. బేసిన్‌లోని నీళ్లు తగలకూడదు కాబట్టి పాత దినపత్రిక పరిచి, సీసా మూతకున్న పుల్లతో ఐదారు చోట్ల గుచ్చి, మళ్లీ సీసాలో బిగించి బాగా ఊపాము. క్యాసెట్, అంటే గీతలు చూపే ప్లాస్టిక్ పలక, దాని గుంటలో మూడు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే, కిట్ సరిగా పనిచేసిందని చెప్పే సి అక్షరం దగ్గర ఒకటే గీత తేలింది. టి దగ్గర కూడా గీత వచ్చి ఉంటే రక్తం ఉన్నట్టు.

నాకు నచ్చనిది వేడి విషయం. 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని పెట్టెమీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. కడపలో మే నెల ఎండ 40 దాటడం మనకు కొత్తా? నేను తెప్పించిన మొదటి కిట్ మిట్టమధ్యాహ్నం డెలివరీ బైకు సంచిలోంచి చేతికొచ్చేసరికి పెట్టె చురుక్కుమంది, పరీక్షలో సి గీత కూడా రాలేదు. ఎండవల్లేనని నిరూపించలేను కానీ, సి గీత లేని ఫలితం చెల్లదు కనుక దాన్ని పారేశాను. ఇంట్లో కాకుండా ల్యాబులో పరీక్ష చేయిస్తుంటే, మలం తీసిన సీసాను వేడిలో అట్టేపెట్టకండి; హిమోగ్లోబిన్ చెడిపోతే ఉన్న రక్తం కూడా లేనట్టు వస్తుంది.

రెండు గీతలు వస్తే క్యాన్సరేనని కుంగిపోవద్దు, మొలల వల్లా రావచ్చు; అలాగని మరో కిట్ కొని తప్పించుకోకుండా కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలి. ఒకసారి చేసే ఫిట్ పరీక్ష ప్రతి ఐదు క్యాన్సర్లలో సుమారు నాలుగింటినే పట్టుకుంటుంది, చిన్న పాలిప్‌లనైతే చాలావరకు వదిలేస్తుంది. అందుకే ఏటేటా చేయమంటారు. అమెరికా నిపుణుల బృందం 2021లో మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు తగ్గించింది. రక్తం కంటికే కనబడుతుంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, ఈ కిట్‌తో పనిలేదు, నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

కొనాలనుకుంటే ఏసీ ఉన్న మందుల షాపులో, గడువు తేదీ చూసి కొనండి. నాన్నగారికి వచ్చే ఏడాది కిట్‌ను నేను కార్తీకమాసంలోనే తెస్తాను.