రాత్రిపూట వచ్చే ఆలోచనలు

శ్రోతలకు నమస్కారం.

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని ఇంటికి చేరినవారికి పగలు ఎలాగో గడిచిపోతుంది. లైటు ఆర్పాక మొదలవుతుంది: "నాకే ఎందుకొచ్చింది? మళ్ళీ వస్తే?" పిలవకుండా వచ్చే ఈ ఆలోచన గానుగెద్దులా ఒకేచోట తిరుగుతుంది. మొదటి వారాల్లో ఇది సహజమే, భయపడకండి. నెలలు గడిచినా అదే తిరుగుతుంటే మాత్రం మనిషిని నలిపేస్తుంది.

మనమే కూర్చుని, కావాలని చేసే ఆలోచన వేరు. "ఇకమీద నా సమయం దేనికి? ఎవరికి?" అని అడిగేది. జబ్బులాంటి పెద్ద దెబ్బ తిన్నాక మనిషిలో వచ్చే మంచి మార్పును, అంటే ఎదుగుదలను, కొలవడానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు టెడెస్కీ, కాల్హౌన్ 1996లో 21 ప్రశ్నల కొలమానం ఇచ్చారు. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం తనకు తెలియడం, ఆధ్యాత్మికమైన మార్పు, బతుకు విలువ తెలియడం అందులో చూస్తారు. ఆ ఎదుగుదల ఈ రెండో రకం ఆలోచనతోనే ఎక్కువగా ముడిపడి కనిపిస్తోంది. బాధ పూర్తిగా పోయాకే ఎదుగుతామనీ లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి.

మరి మొదటి రకం ఆలోచనను రెండో రకంగా మార్చడం ఎలా? సాయంత్రం ఒక వేళ పెట్టుకుని, 15 నిమిషాలు, వరసగా 4 రోజులు కాగితం మీద రాయండి. తప్పొప్పులు చూడొద్దు, ఎవరికీ చూపించక్కర్లేదు. మొదటి రోజు జరిగిందీ, అప్పుడు అనిపించిందీ రాయండి. తర్వాత, ఏం మారిందో రాయండి. రాశాక కాసేపు మనసు బరువెక్కడం మామూలే, అందుకే పడుకునే ముందు వద్దు. నాలుగు రోజులూ అవే వాక్యాలు వస్తుంటే గానుగ కాగితం మీదికి మారిందన్నమాట. అప్పుడు "ఎందుకు" అన్న ప్రశ్న వదిలి, "ఈ వారం నేను చేయగలిగింది ఏమిటి" అని రాయండి. రాత్రి వచ్చిన ఆలోచనను ఒక్క ముక్కలో రాసిపెట్టి, రేపటి సాయంత్రానికి వాయిదా వేయండి.

ఒక జాగ్రత్త. ఛాతీలో బిగుతు, చెమటలు, చేతికో దవడకో పాకే నొప్పి వస్తే అది ఆలోచనే అనుకుని ఊరుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కి కూడా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట. "అంతా మన మంచికేలే" అంటే ఆ మనిషి నోరు మూతపడుతుంది. "ఇవాళ ఏమనిపించింది?" అని అడగండి. అడిగాక, జవాబు వచ్చేదాకా పక్కనే కూర్చోండి.