హాకీ ప్లేయర్ కెరీర్ టేబుల్ చదవడం ఎలా? పీటర్ ఫోర్స్‌బర్గ్ తొలి ఐదు సీజన్లతో నేర్చుకుందాం

నమస్కారం అండి. అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఎన్‌హెచ్ఎల్ (అక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌లు చూస్తున్నారు. ఆట బాగానే అర్థమవుతుంది. ప్లేయర్ పేజీ తెరిచి ఆ అంకెల టేబుల్ చూసేసరికి మాత్రం చాలామంది పాయింట్ల కాలమ్ ఒక్కటే చూసి పేజీ మూసేస్తారు. యూరప్ నుంచి వచ్చిన కుర్రాళ్ల విషయంలో అలా చూస్తే దెబ్బతింటాం. ఎందుకో ఒక మంచి ఉదాహరణతో చూద్దాం.

స్క్రీన్ మీద ఉన్నది స్వీడన్ ఆటగాడు పీటర్ ఫోర్స్‌బర్గ్ టేబుల్. 1973 జూలై 20న ఓర్న్‌షోల్డ్స్‌విక్‌లో పుట్టాడు. ఆ ఊరు స్వీడన్ ఉత్తరాన బోత్నియా సముద్ర తీరంలో ఉంటుంది. చిన్న ఊరే, కానీ అక్కడి నుంచి వచ్చిన హాకీ ప్లేయర్ల పేర్లు వింటే ఆశ్చర్యపోతారు. సెడీన్ కవలలు, విక్టర్ హెడ్మన్, మార్కస్ నాస్లుండ్, అందరిదీ అదే ఊరు. అక్కడి క్లబ్ పేరు మోడో. ఊళ్లోని కలప, కాగితం కంపెనీ నుంచి వచ్చిన పేరది. ఫోర్స్‌బర్గ్ తండ్రి కెంట్ ఆ క్లబ్‌కి కోచ్‌గా పనిచేశాడు, తర్వాత స్వీడన్ జాతీయ జట్టుకీ కోచ్ అయ్యాడు.

ముందు కాలమ్స్. వరసగా మ్యాచ్‌లు, గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు), పాయింట్లు, పెనాల్టీ నిమిషాలు (తప్పు చేసినందుకు పడిన శిక్ష నిమిషాలు). గోల్ కొడితే ఒక పాయింట్, అసిస్ట్ ఇస్తే కూడా ఒక పాయింటే. ఒక్కో గోల్‌కి ఇద్దరి దాకా అసిస్ట్ దక్కొచ్చు. అంతే, ఇందులో కష్టమేం లేదు.

ఇప్పుడు మొదటి వరస. 1990-91, మోడో, లీగ్ ఎలిట్‌సేరియన్. 23 మ్యాచ్‌లు, 7 గోల్స్, 10 అసిస్ట్‌లు, 17 పాయింట్లు. ఎన్‌హెచ్ఎల్ లెక్కల్లో వందలు చూసిన కంటికి ఇది ఆనదు. లీగ్ పేరు మీద ఒకసారి ఆగండి. ఎలిట్‌సేరియన్ అంటే అప్పట్లో స్వీడన్‌లో పెద్దవాళ్లు ఆడే అత్యున్నత లీగ్, కుర్రాళ్ల పోటీ కాదు. అప్పటికి ఇతని వయసు 17. అదే వయసు కెనడా కుర్రాడు జూనియర్ లీగ్‌లో తన ఈడు వాళ్లతో ఆడి 100 పాయింట్లు కొట్టొచ్చు. ఈ 17నీ ఆ 100నీ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. కాబట్టి టేబుల్ తెరవగానే పాయింట్ల దగ్గరికి వెళ్లకండి. ముందు లీగ్ చూడండి, ఆ పక్కనే వయసు లెక్కేసుకోండి.

తర్వాత చేయాల్సింది భాగహారం. పాయింట్లని మ్యాచ్‌లతో భాగించండి. 17ని 23తో భాగిస్తే సుమారు 0.74. రెండో వరస 1991-92లో 39 మ్యాచ్‌లు, 27 పాయింట్లు, అంటే 0.69. కొంచెం తగ్గింది. ఫోన్‌లో టేబుల్ చూసేవాడు 17 నుంచి 27కి పెరిగాడు అనుకుంటాడు. నిజానికి మ్యాచ్‌కి వచ్చే పాయింట్లు పెరగలేదు. పెరిగింది ఆడిన మ్యాచ్‌ల సంఖ్య. 18 ఏళ్ల వాడికి పెద్దవాళ్ల లీగ్‌లో సీజన్ మొత్తం చోటు దొరకడం కూడా ఒక ఎదుగుదలే అని నేనంటాను.

ఈ రెండు వరసల మధ్యలో 1991 జూన్‌లో డ్రాఫ్ట్ జరిగింది, అంటే ఎన్‌హెచ్ఎల్ జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం. ఒక్కో ఎంపికని పిక్ అంటారు. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ ఇతన్ని ఆరో పిక్‌గా తీసుకుంది. అంత పైన తీసుకోవడమేంటని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. అదే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ ఎరిక్ లిండ్రోస్. అతన్ని తీసుకున్న క్యూబెక్ జట్టుకి ఆడనని మొండికేశాడు. చివరికి 1992 జూన్‌లో క్యూబెక్ అతన్ని ఇచ్చేయడానికి ఒప్పుకుంది. తమాషా ఏంటంటే ఫిలడెల్ఫియాతోనూ న్యూయార్క్ రేంజర్స్‌తోనూ రెండు బేరాలు కుదుర్చుకుంది! మధ్యవర్తి వచ్చి ఫిలడెల్ఫియాదే చెల్లుతుందని తీర్పిచ్చాడు. లిండ్రోస్ కోసం ఫిలడెల్ఫియా ఇచ్చిన మూటలో కొందరు ప్లేయర్లు, రెండు మొదటి రౌండ్ పిక్స్, కోటిన్నర డాలర్లు ఉన్నాయి. ఆ ప్లేయర్లలో ఒకడు ఫోర్స్‌బర్గ్. టేబుల్‌లో దీని ఆనవాలే ఉండదు, ఎందుకంటే అతను ఇంకా మోడోలోనే ఆడుతున్నాడు.

మూడో వరస, 1992-93. 39 మ్యాచ్‌లు, 23 గోల్స్, 24 అసిస్ట్‌లు, 47 పాయింట్లు. మ్యాచ్‌కి 1.2 పైనే. పెనాల్టీ నిమిషాలు చూడండి, 92! ఇతను ఎదుటివాడు గుద్దితే తప్పుకునే రకం కాదు, తిరిగి గుద్దే రకం. యూరప్ ఆటగాళ్లు మెత్తవాళ్లనే మాట అప్పట్లో ఎన్‌హెచ్ఎల్‌లో బాగా తిరిగేది. ఈ కాలమ్ చూసినవాడు ఇతని గురించి ఆ మాట అనలేడు.

కింద జాతీయ జట్టు లెక్కలు విడిగా ఉంటాయి, అవి వదిలేయకండి. గావ్లె నగరంలో జరిగిన 1993 ప్రపంచ జూనియర్ పోటీల్లో 7 మ్యాచ్‌లకి 7 గోల్స్, 24 అసిస్ట్‌లు, 31 పాయింట్లు. ఆ టోర్నీలో అది రికార్డు. ఇక్కడ కాస్త అనుమానంతో చదవాలి. క్రికెట్‌లో పసికూన జట్టు మీద కొట్టిన డబుల్ సెంచరీ సగటుని ఎలా పెంచేస్తుందో, ఇక్కడా అలాంటి మ్యాచ్ ఒకటుంది. జపాన్ మీద స్వీడన్ 20-1తో గెలిచింది, అందులో ఫోర్స్‌బర్గ్ ఒక్కడివే 10 పాయింట్లు. సరే, ఆ మ్యాచ్ తీసేద్దాం. మిగిలిన 6 మ్యాచ్‌ల్లో 21. మ్యాచ్‌కి మూడున్నర! తీసేసినా నిలబడింది కాబట్టి ఈ అంకెని నమ్మొచ్చు. ఏ పెద్ద అంకె కనపడినా ఇలా ఒకసారి గిల్లి చూడండి.

నాలుగో వరస, 1993-94. మళ్లీ 39 మ్యాచ్‌లు, 44 పాయింట్లు. ఆ ఏడాది మోడో ఫైనల్ దాకా వెళ్లి మాల్మో చేతిలో ఓడింది. కానీ స్వీడన్‌లో ఆ సీజన్ అంటే అందరికీ గుర్తొచ్చేది ఫిబ్రవరి 27, లిల్లెహామర్ ఒలింపిక్స్ ఫైనల్. కెనడాతో 2-2, ఆట షూటౌట్‌కి వెళ్లింది, అంటే ఒక్కొక్కరుగా వచ్చి గోలీ (గోల్‌కీపర్) మీద షాట్ కొట్టాలి. అక్కడా తేలలేదు, సడన్ డెత్. అంటే ఒకరు కొట్టి రెండోవాళ్లు తప్పితే అక్కడితో ఆట అయిపోయినట్టే. ఫోర్స్‌బర్గ్ ఒక పక్కకి దూసుకెళ్తూ కెనడా గోలీ కోరీ హిర్ష్‌ని తన వెంట లాగేశాడు. ఆఖరి క్షణంలో స్టిక్‌ని ఒంటిచేత్తో రెండో పక్కకి చాచి పక్‌ని (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే గుండ్రటి రబ్బరు ముక్క) నెట్లోకి జార్చాడు. తర్వాత కెనడా ఆటగాడు పాల్ కారియా షాట్‌ని స్వీడన్ గోలీ టామీ సాలో ఆపాడు. స్వీడన్‌కి ఒలింపిక్ హాకీలో అదే మొదటి బంగారు పతకం. ఆ గోల్‌తో తపాలా బిళ్ల కూడా వేశారు. హిర్ష్ తన బొమ్మ వేయడానికి ఒప్పుకోలేదు, అందుకే బిళ్ల మీద గోలీ జెర్సీ రంగూ నంబరూ మార్చేశారు. ఇంతకీ నేను చెప్పేది, షూటౌట్‌లో కొట్టినవి మామూలుగా ప్లేయర్ గోల్స్ లెక్కలో కలపరు. ఇలాంటివి టేబుల్ బయటే వెతుక్కోవాలి.

ఐదో సీజన్ 1994-95కి రెండు వరసలున్నాయి. కంగారు పడకండి. ఎన్‌హెచ్ఎల్ యజమానులకీ ఆటగాళ్లకీ గొడవై జనవరి దాకా లీగ్ మొదలవలేదు. అందాకా మోడోలో 11 మ్యాచ్‌లు, 14 పాయింట్లు. తర్వాత క్యూబెక్‌లో 47 మ్యాచ్‌లు, 50 పాయింట్లు. ఆ సీజన్ మొత్తమే 48 మ్యాచ్‌లు కాబట్టి 50 అంటే చిన్న సంఖ్య కాదు. ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ ఇతనికే వచ్చింది.

ఇప్పుడు మీ వంతు. నాస్లుండ్ టేబుల్ తెరవండి. ఫోర్స్‌బర్గ్ కంటే పది రోజులు చిన్న, అదే ఊరు, అదే క్లబ్, అదే 1991 డ్రాఫ్ట్‌లో 16వ పిక్. 1991-92లో ఇతనివి 40 పాయింట్లు, ఫోర్స్‌బర్గ్ 27 కంటే చాలా ఎక్కువ. ఇతను ఒక ఏడాది ముందే, 1993లో, పిట్స్‌బర్గ్ వెళ్లిపోయాడు. అక్కడ మొదటి సీజన్‌లో 71 మ్యాచ్‌లకి 11 పాయింట్లే. లెమ్యూ, యాగర్ లాంటి పెద్ద స్టార్లున్న జట్టులో కొత్త కుర్రాడికి ఐస్ మీద ఎంతసేపు దొరుకుతుంది? అదే మనిషి తర్వాత వాంకూవర్‌కి కెప్టెన్ అయ్యాడు. మోడో వరసలకీ పిట్స్‌బర్గ్ వరసలకీ మ్యాచ్‌కి పాయింట్లు లెక్కేసి, అవి ఎక్కడ తిరిగి లేచాయో చూసి, ఆ సీజన్ ఏదో కింద కామెంట్‌లో రాయండి.