మన పార్కుకు గరిక, తంగేడు చాలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, కాలనీ సంఘం సభ్యులకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, అక్కలకు... పేరుపేరునా చెప్తే నాకిచ్చిన టైమ్ అందులోనే అయిపోతుంది కాబట్టి వదిలేస్తున్నా. వానాకాలం మొక్కల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతా, కానీ ముందు మన పార్కులో నర్సరీ నుంచి ముక్కలుగా తెచ్చి పరిచిన లాన్ గడ్డి సంగతి తేలాలి.

చిన్న లెక్క చూడండి. ఎండాకాలంలో లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల తడి అనుకుందాం, అంటే చదరపు మీటరుకు 5 లీటర్లు. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. రోజుకు 20 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు! మన హైదరాబాద్‌లో తాగే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపింగ్ చేస్తే వస్తున్నాయి. మే నెలలో మూడో అంతస్తుకు బిందెలు మోసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. సరిగ్గా అప్పుడే గడ్డి కోసం ట్యాంకర్ వచ్చి గేటు దగ్గర ఆగింది. అది చూసి నాకు కడుపు మండింది, ఇప్పటికీ మండుతోంది.

ఆ గడ్డిని ఎప్పుడైనా లేపి చూశారా? ఊయల పక్కన ఎండిన ముక్క అంచు పట్టుకుని లాగితే చాపలా లేచొచ్చింది. వేర్లన్నీ నర్సరీ మట్టిలోనే చుట్టుకుపోయాయి, కింద మన మొరంలోకి దిగనే లేదు. రెండు ముక్కల సందులోంచి మాత్రం గరిక తెల్లటి తీగ పొడుచుకొచ్చి కణుపు కణుపుకీ వేరు దించుకుంటోంది. దానికి విడిగా ఎవరూ నీళ్లు పెట్టలేదు. పైగా కలుపని పీకించడానికి మాలీకి కూలి ఇస్తున్నాం. పీకించొద్దండీ! పిల్లలు ఆడుకునే చోటికి అదే కావాలి. ఎండల్లో గోధుమరంగుకు తిరుగుతుంది, నిజమే, కానీ చావదు, తొలకరి పడితే మళ్లీ పచ్చబడుతుంది. మరీ నేలకు కత్తిరించకుండా రెండంగుళాలు ఉంచితే చాలు. చెట్ల నీడలో మాత్రం గరిక రాదు, అక్కడ రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టకుండా అలాగే వదిలేద్దాం.

ఇక తంగేడు. తెలంగాణ రాష్ట్ర పుష్పం అని చెప్పుకుంటాం కదా, మన ప్రహరీ వెంట దానంతటదే పెరిగిన పొదలుండేవి. గడ్డి పరిచిన కాంట్రాక్టర్ మనుషులు ఒక్క పూటలో వాటిని నరికేశారు. ఆ ఏడు బతుకమ్మకు ఇక్కడున్న అక్కలే బస్సెక్కి మార్కెట్‌కు పోయి వాడిపోయిన తంగేడు, గునుగు కొనుక్కొచ్చారు. గునుగు కొనాలా అండీ? ఖాళీ జాగా ఉంటే వానలకు మొలిచేది! పండగకు పూలు కోసుకునే చోటు పోగొట్టి, నీళ్లు కొని పోసే గడ్డి తెచ్చుకున్నాం. వీలైతే ఈ ముక్క మినిట్స్‌లో రాయించండి.

నాటు పొదలుంటే పాములొస్తాయని టెన్షన్ పడుతున్నారు కొందరు. పాము ఎలుక కోసం వస్తుంది, ఎలుక మనం పారేసే అన్నం కోసం వస్తుంది. చెత్త ఆపుదాం, నడిచే దారికి రెండు పక్కలా కొమ్మలు కత్తిరిద్దాం.

ఏం నాటాలంటే, ఎండ తగిలే అంచున తంగేడు, గేటు దగ్గర రేల, బెంచీల దగ్గర కానుగ, మూలన మోదుగ. బయటి దేశాల నుంచి వచ్చిన కోనోకార్పస్ చెట్టు మాత్రం వద్దే వద్దు. మన దగ్గర ఏడాదికి పడే వాన ఇంచుమించు 800 మిల్లీమీటర్లు, ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే పడుతుంది. నేను చెప్పిన ఆ నాలుగూ ఆ వానతో బతికేవే. మొదటి రెండు ఎండాకాలాలు కాస్త నీళ్లు పోస్తే ఆ తర్వాత మన అవసరం పెద్దగా ఉండదు.

ఇవాళ్టి ఎజెండాలో కొత్త గడ్డి కొటేషన్ ఉంది. అధ్యక్షులు గారూ, దయచేసి దాన్ని పక్కన పెట్టండి. తంగేడు గింజలు నేను తెస్తా. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి నాటాలి. ఆదివారం పొద్దున ఆరింటికి గునపం పట్టుకుని ఎవరెవరు వస్తారో ఇప్పుడే చేతులెత్తండి.