పోయినాడా, పోయొచ్చినాడా? ‘గో’ క్రియతో పర్ఫెక్ట్ టెన్స్

(కడప ఏడు రోడ్ల కూడలి. పొద్దున టిఫిన్ల వేళ. వెనక ఆటో హారన్లు.)

ఇంట్లోంచి కాలు బయట పెట్టేటప్పుడు మన దగ్గర ఎవరూ ‘పోతా’ అనరు. నోరు జారి అన్నామా, వంటింట్లోంచే అమ్మ కేకేస్తుంది: “పోతా అనాకురా, పోయొస్తా అను!” తిరిగి ఇంటికి వస్తానని చెప్పి మరీ గడప దాటాలి. ఈ రోజు పాఠమంతా ఆ ‘వస్తా’ దగ్గరే ఉంది. ఇంగ్లీషులో ‘గో’ అనే చిన్న క్రియ పర్ఫెక్ట్ టెన్స్‌లోకి వచ్చేసరికి రెండుగా చీలుతుంది. పోయినవాడు ఇంకా రాకపోతే ‘గాన్’. పోయి వచ్చేసి ఉంటే ‘బీన్’.

(స్క్రీన్ మీద రెండు వాక్యాలు:
హి హాజ్ గాన్ టు తిరుపతి = తిరుపతికి పోయినాడు, ఇంకా రాలేదు
హి హాజ్ బీన్ టు తిరుపతి = తిరుపతికి పోయొచ్చినాడు)

ఈ తేడా నాకు ఎవరూ క్లాసులో చెప్పలేదు. డిగ్రీ చదివే రోజుల్లో ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో సాయంత్రాలు పనిచేసేవాణ్ణి. ఓనరన్న దర్శనానికని తిరుపతికి పోయినాడు. ఆ టైముకే బెంగళూరు నుంచి చీరల ఏజెంటు ఫోన్ చేసినాడు. ఆయనకు తెలుగు రాదు, నాకు కన్నడం రాదు. ఇక ఇంగ్లీషే దిక్కు.

“వేర్ ఈజ్ యువర్ ఓనర్?”

“సార్, ఓనర్ హాజ్ బీన్ టు తిరుపతి.”

“ఓహ్, గుడ్! గివ్ హిమ్ ద ఫోన్.”

నాకు చెమటలు పట్టాయి. తిరుపతిలో ఉన్న మనిషికి ఇక్కడి ఫోన్ ఎట్లా ఇచ్చేది? “నో సార్, హి హాజ్ బీన్, హి హాజ్ బీన్” అని ఇంకో రెండుసార్లు గట్టిగా చెప్పాను. గట్టిగా చెప్తే అర్థమవుతుందని మనకొక నమ్మకం కదా. ఆయన విన్నది మాత్రం “పోయొచ్చినాడు సార్, పోయొచ్చినాడు” అని. నేను మనిషిని దాస్తున్నానని కోపమొచ్చి ఫోన్ పెట్టేశాడు. ‘హాజ్ గాన్’ అని ఉంటే సరిపోయేది.

(కెమెరా దగ్గరికి.)

ఇప్పుడు మీకో ప్రశ్న. “ఐ హావ్ గాన్ టు బెంగళూరు” అని మీరు నా ఎదురుగా కూర్చుని చెప్తే నేనేమనుకోవాలి? బెంగళూరులో ఉంటే ఇక్కడ మాట్లాడేది ఎవరు? అందుకే మన గురించి మనం ఎదురుగా చెప్పేటప్పుడు దాదాపు ఎప్పుడూ ‘బీన్’ వాడతాం. తలుపు మీద చీటీ అంటించి పోతే వేరే సంగతి. “హావ్ గాన్ టు ద మార్కెట్” అని రాయొచ్చు. అది చదివేటప్పటికి మీరు అక్కడ లేరు కాబట్టి.

ఇంటర్వ్యూలలో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది: “హావ్ యు ఎవర్ బీన్ టు బెంగళూరు?” ఎప్పుడైనా పోయొచ్చినావా అని. జవాబు: “యెస్, ఐ హావ్ బీన్ దేర్ ట్వైస్.” ‘దేర్’ ముందు ‘టు’ పెట్టొద్దు. ఎన్నిసార్లు పోయొచ్చినా ఇదే వాక్యం, చివర లెక్క మారుతుంది, అంతే.

‘ఐ హావ్ వెంట్’ అనేవాళ్లూ ఉన్నారు. ‘హావ్’ పక్కన మూడో రూపమే కూర్చుంటుంది. గో, వెంట్, గాన్. అయినా ‘గో’కి ‘వెంట్’ ఏంటి, పోలికే లేదు కదా అంటారా? నిజమే. ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే వేరే క్రియకు భూతకాలం. ‘గో’ దాన్ని దత్తత తీసుకుంది.

(కట్. ఒంటిమిట్ట కోదండరాముడి గుడి గోపురం.)

కడప నుంచి రాజంపేట రోడ్డులో పోతే వచ్చే ఒంటిమిట్ట ఇది. ఇక్కడ రాములవారి కల్యాణం పున్నమి వెన్నెల్లో, రాత్రిపూట జరుగుతుంది. మీరు చూసి వచ్చారనుకుందాం. “ఐ హావ్ బీన్ టు ఒంటిమిట్ట” బాగుంది. ఎప్పుడని చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. కానీ “ఐ హావ్ బీన్ టు ఒంటిమిట్ట ఎస్టర్‌డే” తప్పు. నిన్న అనేది అయిపోయిన రోజు. అయిపోయిన రోజు పేరో, తేదీయో నోట్లోకి వచ్చిందంటే ‘హావ్’ తీసేసి మామూలుగా “ఐ వెంట్ టు ఒంటిమిట్ట ఎస్టర్‌డే” అనాలి.

‘బీన్’కి ఇంకో పని కూడా ఉంది, ‘ఉండటం’ అని చెప్పడం. అక్కడా లెక్క ఇదే. కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ ముచ్చట ముగిసింది కాబట్టి “కర్నూల్ వాజ్ ద క్యాపిటల్”. ‘హాజ్ బీన్ సిన్స్ 1953’ అన్నారంటే కర్నూలు వాళ్లు సంతోషిస్తారు గానీ, చరిత్ర మాస్టారు ఒప్పుకోడు.

(మళ్లీ కూడలి. చేతిలో ఉగ్గాని ప్లేటు.)

ఇక అసలైన గుంత. ఇది మన సీమవాళ్లకు ప్రత్యేకం అని నా అనుమానం. మనం “నిన్న మీ ఇంటికి వచ్చింటి”, “పోయిన వారం అనంతపురానికి పోయింటి” అంటాం. పోయి, ఉంటి. రెండు ముక్కలు అతుక్కున్నాయి. ఇంగ్లీషు ‘హాడ్ గాన్’లోనూ రెండు ముక్కలే. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా అని మనవాళ్లు “ఐ హాడ్ గాన్ టు అనంతపూర్ లాస్ట్ వీక్” అనేస్తారు. వినేవాడు ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తాడు. పోయి ఉన్నావు సరే, అప్పుడేమైంది?

‘హాడ్’ ఒంటరిగా నిలబడేది తక్కువ. దానికి పక్కన ఇంకో సంఘటన కావాలి, అదీ దీని తర్వాత జరిగినది. పరుగెత్తుకుంటూ బస్టాండుకు పోయాం, మైదుకూరు బస్సు అప్పటికే కదిలిపోయింది. “వెన్ ఐ రీచ్డ్ ద బస్టాండ్, ద బస్ హాడ్ గాన్.” మనం చేరడం వెనక, బస్సు పోవడం ముందు. ముందు జరిగినదానికే ‘హాడ్’. తోడు సంఘటన లేకపోతే “ఐ వెంట్ టు అనంతపూర్ లాస్ట్ వీక్”. సీమలో మీ ‘పోయింటి’ని మార్చుకోనక్కర్లేదు. అది నూటికి నూరుపాళ్లు సరైన తెలుగే. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించకండి, అంతే.

‘పోయింటాడు’ మాత్రం చక్కగా దిగుతుంది. తొమ్మిదికి ఎవరైనా మీ అన్న కోసం వస్తే “ఈపాటికి ఆఫీసుకు పోయింటాడు” అంటారు. “హి విల్ హావ్ గాన్ టు ద ఆఫీస్ బై నౌ.” మాటకు మాట సరిపోయింది.

(స్క్రీన్ మీద దేవుని కడప గుడి. గొంతు మాత్రమే.)

చివరగా ఒకటి మీరే చేయండి. మా నానమ్మ చెప్పింది: “పోయిన శుక్రవారం దేవుని కడపకు పోయింటి. నేను చేరేలోపల పూజారి ఇంటికి పోయినాడంట.” వీడియో ఆపి ఇంగ్లీషులో చెప్పి చూడండి.

(ఐదు సెకన్లు నిశ్శబ్దం.)

మొదటి ముక్కలో శుక్రవారం ఉంది: “ఐ వెంట్ టు దేవుని కడప లాస్ట్ ఫ్రైడే.” రెండోదాంట్లో రెండు సంఘటనలు: “బై ద టైమ్ ఐ రీచ్డ్, ద ప్రీస్ట్ హాడ్ గాన్ హోమ్.” ‘గాన్ టు హోమ్’ అన్నవాళ్లు ఆ ‘టు’ కొట్టేయండి.