ఒక సూత్ సందు
(హన్మకొండల చేతి పనిముట్ల మీద ఆసక్తి ఉన్న యువతీ యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికి నమస్కారం. పెద్దలకు, అక్కచెల్లెండ్లకు, తమ్ముండ్లకు.

ఈ బల్ల మీద పెట్టిన చిన్న అల్మారి మా బాపమ్మది. ఎత్తు 18 అంగుళాలు, వెడల్పు 14, లోతు 7. ఒకటే తలుపు, లోపల రెండు అరలు. మా పాత ఇంట్ల వంటర్ర గోడకు వేలాడేది. తాళపుచెవులు, భూమి కాగితాలు, జరానికి గోలీలు, ఇంగువ డబ్బ అన్నీ దీంట్లనే. ఇప్పటికీ తలుపు తీస్తే ఇంగువ వాసన వస్తది. మా తాత దీన్ని నేను పుట్టకముందు చేసిండు. 60 ఏండ్లు దాటింది. ఎండాకాలం తలుపు వదులు కాదు, వానకాలం బిగుసుకపోదు. ఇన్నేండ్లు ఎట్ల నిలబడ్డదో చెప్పాలనే నేను వచ్చిన.

మాది వడ్ల ఇల్లు, అంటే వడ్రంగం పని చేసేటోళ్లం. తాత కాలంల పని అంటే నాగలి, గుంటుక, బండి. పంట కల్లంల పడ్డంక రైతులు మేర, అంటే మా పనికి గింజల వంతు, కొలిచి ఇచ్చేది. ట్రాక్టర్లు వచ్చినంక నాగలి పని పోయింది, బాపు దర్వాజలు, కిటికీల మీద బతికిండు. నేను ఆయన దగ్గర పదకొండేండ్లు పని చేసిన. అందుకే పుస్తకం మాట తక్కువ, చేతి మాట ఎక్కువ చెప్త.

ముందుగాల నా తప్పు నుంచి మొదలుపెడత. నాకు 19 ఏండ్లప్పుడు సొంతంగ ఒక అల్మారి చేసిన. ఆగస్టు నెల, ముసురు పట్టి ఉన్నది. బాపు ఊళ్ల లేడు. తలుపు చట్రంల పలక కూసోబెట్టి, గట్టిగ ఉండాలని నాలుగు దిక్కుల సరేసు జిగురు పూసి, పైనుంచి సన్న మొలలు కొట్టిన. చూసినోళ్లంత మెచ్చుకున్నరు. మల్ల ఏడాది ఏప్రిల్ల ఒక రాత్రి ఇంట్ల టప్పుమని చప్పుడైంది. పిల్లి గిన్నె పడగొట్టిందనుకున్నం. పొద్దుగాల చూస్తే పలక నడుమ నిలువున చీలి ఉన్నది, చిటికెనవేలు గోరు పట్టేటంత. బాపు ఆ చీలికల గోరు పెట్టి చూసిండు. తిట్టలేదు. "దీంట్ల ఎండాకాలానికి జాగ ఎక్కడ పెట్టినవ్‌రా?" అని అడిగిండు.

ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే అల్మారి పని సగం తెలిసినట్టే.

చెట్టు కొట్టి, కోసి, ఎండబెట్టినంక కూడ కట్టె గాలిలున్న తేమను పీలుస్తది, ఇడుస్తది. వానకాలం ఉబ్బుతది, మే నెలల కుంచించుకుంటది. ఉబ్బుడు అన్ని దిక్కుల ఒకటే తీరు ఉండదు. నిలువు పొడుగుల మార్పు లెక్కకే రాదు. అడ్డంల వస్తది. టేకు పచ్చిగున్నప్పటి నుంచి పూర్తిగ ఎండేదాక, మొద్దు కొసన కనబడే వలయాల వెంబడి కోసిన పలక వెడల్పుల సుమారు 5 శాతం తగ్గుతది. మొద్దు నడిమి నుంచి బెరడు దిక్కు కోసిన పలక అయితే అందులో సగమే. ఎండిన కట్టెల కాలం మారినప్పుడు వచ్చే తేడా ఇంకా తక్కువ. మన వరంగల్ దిక్కు మే నెల ఎండకు, ఆగస్టు ముసురుకు నడుమ మామూలు పలక వెడల్పుల ఇంచుమించు నూటికి ఒకవంతు కదులుతదని పెట్టుకోండ్రి. 12 అంగుళాల పలకకు అది ఒక సూత్, అంటే అంగుళంల ఎనిమిదో వంతు. కంటికి కొంచెమే. ఆ కొంచెమే నా పలకను చీల్చింది. దాన్ని ఆపే సరేసు, మొల లేదు. మనం ఆపొద్దు. జాగ ఇయ్యాలె.

ఇగ కట్టె సంగతి. అల్మారికి టేకు ఎందుకంటే చెద తొందరగ పట్టదు, వంకరలు తక్కువ, ఉలికి లొంగుతది. ఆదిలాబాద్, నిర్మల్ అడవుల టేకు పేరున్న కట్టె. ఏగిస, నల్లమద్ది కూడ మంచి కట్టెలే, కాని చిన్న పనికి బరువు. తుమ్మ బండికి, నాగలికి బాగ. వేప కట్టెతోని మా ఇంట్ల అర్రలకు తలుపులు ఉండేది, అది కూడ పురుగుకు ఓర్చుకుంటది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టె చూసిన్రా? చేతిల పట్టుకుంటే బరువు తెల్వదు. అది బొమ్మకు పుట్టిన కట్టె, తలుపు మోయలేదు. ఒక్కో కట్టెకు ఒక్కో పని.

టేకు కొనేటప్పుడు ముదురు రంగు చూడుండ్రి. మొద్దు లోపలి భాగాన్ని చేవ అంటం. చేవగల మనిషి అనే మాట అక్కడ్నించే వచ్చింది. బెరడు పక్కనుండే తెల్ల చెక్కకు చెద, పురుగు తొందరగ పడతది. అల్మారిల ఒక్క వేలెడంత తెల్ల చెక్క కనబడినా తీసి పారేయాలె. కొత్త కట్టె అయితే రసీదు, రవాణా పర్మిట్ అడిగి తీసుకోండ్రి. అడవి మనదే, దొంగ కట్టెతోని ఇంటి దేవుని అర్ర కూడ చేసుకోవద్దు.

నా మాట వింటే మొదటి అల్మారికి పాత కట్టె కొనుండ్రి. గిర్మాజీపేట, మట్టెవాడ దిక్కు పాత మిద్దెలు కూలగొడితే దర్వాజలు, దూలాలు, దంతెలు అమ్మకానికి వస్తయి. తరాల కింద కోసిన కట్టె. కదిలేది పోదు, అది ఎన్నటికీ పోదు, కాని మెలి తిరిగే గుణం తగ్గి ఉంటది. ఒక్కటే జాగ్రత్త, లోపల విరిగిన మొలలు ఉంటయి. ఒక అయస్కాంతం ముక్కను దారానికి కట్టి పలక మీద తిప్పుండ్రి. నేను ఒకపారి చూడక కట్టెను నునుపు చేసే రంద తోసి, బాపు నాకిచ్చిన దాని కోసే అలుగు అంచును పాడు చేసిన. దాన్ని మల్ల దారికి తెచ్చుడు ఒక దినం పట్టింది.

రంద అంటే మీల కొంతమంది చిత్రిక అంటరు. దాని అలుగు, ఉలి, రంపం, చెక్కే బాడిశ, బెజ్జం వేసే బరమా, మూల సరి చూసే గునియా, కొయ్యసుత్తి. ఇవి చాలు. మా తాత ఉలులు ఊరి కమ్మరి లారీ కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి చేసినయే. ఇప్పటికీ అంచు నిలుపుతయి. టేకుల ఒక చిక్కు ఉన్నది. దాని లోపల ఇసుక గుణం ఉన్న పదార్థం ఉంటది, ఇనుమును తొందరగ మొద్దుబారుస్తది. మామిడి కట్టెకు ఒకపారి పెట్టే సానను టేకుకు రెండు మూడు పార్లు పెట్టాలె. ఉలి వెనుక దిక్కు అద్దమోలె చదును కావాలె, ముందు దిక్కు ఏటవాలు 25 నుంచి 30 డిగ్రీలు. సాన పెట్టుడు పని మొదలయ్యే ముందు చేసేది అనుకుంటరు. కాదు, పని నడుమ చేసేది. అరగంటకు ఒకపారి లేచి సానరాయి దగ్గరికి పోకపోతే మీ చెయ్యి మీకు తెల్వకుండనే బలం పెట్టుడు మొదలుపెడతది. బలం పెడితే ఉలి జారుతది, గీత దాటుతది, వేలు తెగుతది.

ఇదుగో ఈ అల్మారి మూల చూడుండ్రి. మొల లేదు. పక్క పలక కొసను పళ్లలెక్క కోసి, పై పలకల ఆ పళ్ల తీరు గాట్లు పెట్టి ఒకదాంట్ల ఒకటి జొప్పిచ్చిండు. పళ్లు మొదట్ల సన్నం, కొసన విచ్చుకొని విసనకర్ర లెక్క ఉన్నయి. పక్క పలకను నిలువుగ గుంజితే ఊడి రాదు. ఈ వాలు టేకుకు 7కు 1 చాలు, అంటే 7 సూత్‌లు పోయే సరికి 1 సూత్ పక్కకు జరగాలె. ఎక్కువ వాలు పెడితే పంటి కొస మూలలు పెళుసుబారి ఇరుగుతయి. పెన్సిల్ గీత మందం ఉంటది, కత్తి మొనతోని గీసుకోండ్రి. రంపాన్ని గీత మీద పెట్టొద్దు, తీసేసే కట్టె దిక్కు గీతను ఆనించి పెట్టాలె. కోసినంక గీత ఇంకా కనబడాలె. మొదటి మూల కుదరదు. పది మూలలు వట్టి చిత్తు కట్టెల మీద చేసినంక అల్మారి కట్టె ముట్టుకోండ్రి.

పలక ఏ ముఖం బయటికి పెట్టాలన్నది మా తాత దగ్గర్నించి వచ్చిన ముచ్చట. పలక కొస చూస్తే వలయాలు కనబడతయి. ఎండితే బెరడు దిక్కు ముఖం గిన్నెలెక్క లోపలికి గుంజుతది. అందుకే చేవ దిక్కు ముఖం బయటికి పెట్టి, బెరడు దిక్కు లోపలికి పెడతం. అప్పుడు వంకర వచ్చినా పలక అంచులు లోపలికే వంగుతయి, మూలలు విచ్చుకోవు.

పై, కింద, పక్క పలకలు జొప్పిచ్చినంక బిగిచ్చే ముందు ఒక దారం తీసుకొని మూలకు మూల కొలవాలె. రెండు కొలతలు ఒకటి కాకపోతే పెట్టె వంకరున్నట్టే. గునియా పెట్టి నాలుగు మూలలు చూస్తరు, అది తప్పు చెప్పొచ్చు, దారం చెప్పదు.

ఇగ తలుపు. నా చీలిన పలక మొదలైంది ఇక్కడే కాబట్టి ఇక్కడ ఆగి చెప్త. తలుపును ఒకటే పలకతోని ఎందుకు చేయరు? ఒకటే పలకైతే మొత్తం వెడల్పు కదులుతది, వంకరైతది. అందుకని నాలుగు బద్దలతోని చట్రం కట్టి, నడుమ పలక పెడతం. బద్ద సన్నం, 2 అంగుళాలే కాబట్టి కదలిక కొంచెమే. నిలువు బద్దల బెజ్జం, అడ్డ బద్ద కొసకు ఆ బెజ్జంల దూరే కుసి. బద్ద మందం 6 సూత్‌లు ఉంటే కుసి మందం 2 సూత్‌లు, మూడో వంతు. అంతకన్న లావైతే బెజ్జం గోడలు పలచనై పగులుతయి. కుసి చేతితోని ఒత్తితే సగం దూరం పోవాలె, మిగిలింది కొయ్యసుత్తితోని నాలుగు దెబ్బల్ల పోవాలె. సుత్తి లేకుండ పోతే వదులు, పది దెబ్బలైతే బద్ద పగిలేటట్టు బిగువు.

చట్రం లోపలి అంచుల 2 సూత్‌ల వెడల్పు, 3 సూత్‌ల లోతు గాడి తీస్తం. నడిమి పలక ఆ గాడిల కూసుంటది. ఈ పలకకు సరేసు వద్దు, ఫెవికాల్ వద్దు, మొల వద్దు. ఈ తలుపుకు పలక వెడల్పు సుమారు 9 అంగుళాలు. కదిలేది ముప్పావు సూత్. ఎండాకాలం చేస్తే రెండు పక్కల కలిపి ఒక సూత్ సందు ఇడిచిపెట్టాలె, ఉబ్బే జాగ కావాలె కదా. ముసురుల చేస్తే సందు తక్కువ చాలు, ఎందుకంటే అప్పటికే ఉబ్బి ఉన్నది, కాని గాడి లోతు చాలినంత ఉండాలె, లేకుంటే ఎండకు పలక గాడిలకెళ్లి బయటికి వస్తది. పలక ఒక పక్కకే జరగకుండ పైన నడుమ ఒకటి, కింద నడుమ ఒకటి వెదురు చీల కొడతం. రెండు పక్కలు స్వేచ్ఛగ ఉంటయి. పలకకు పాలిష్ కూడ జొప్పిచ్చకముందే పట్టియ్యాలె. తర్వాత పట్టిస్తే మే నెలల పలక కుంచించుకున్నప్పుడు అంచున పాలిష్ లేని తెల్లటి గీత బయటపడతది, చూసేటోళ్లు ఏదో పురుగు తిన్నదనుకుంటరు.

వెనుక దిక్కు సన్న పలకలు మూడు, పక్కపక్కన, ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటయి. నడుమ సందు. ఇక్కడ మనసు ఎక్కువ పెట్టే పని లేదు.

తలుపు తిరిగే కబ్జాలు ఇత్తడివి తెచ్చుకోండ్రి. ఇత్తడి మరలు మెత్తన, టేకుల బిగిస్తుంటే తలకాయ తెగుతది. ముందు అదే కొలత ఇనుప మర ఒకటి బిగించి తీసి, దారి చేసినంక సబ్బు రాసిన ఇత్తడి మర ఎక్కియ్యాలె. హైదరాబాద్ తోవ మీద జనగామ పక్కన పెంబర్తి ఉన్నది కదా, లోహపు పని అక్కడి వాళ్ల చేతిల ఉన్నది, 2010ల భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. నేను ఈ తలుపుకు ఉన్న పిడి అరిగిపోతే అక్కడనే కొత్తది చేయించుకున్న. మా చిన్నాయన కోపానికొచ్చిండు, పాతదే పెట్టాలని. పిడి మారితే తప్పు లేదని నేననుకుంట, రోజు చెయ్యి పట్టే చోట అది అరగాలె.

చివరిగ పాలిష్. చపడా లక్కను స్పిరిట్‌ల నానబెట్టి, కరిగినంక వడగట్టి, నూలుగుడ్డ ఉండలోకి పీల్చి పలచగ పూస్తరు. లక్క మోదుగ వంటి చెట్ల మీద బతికే పురుగు ఇచ్చేది. ఒక పూత పూసి ఆరనియ్యాలె, సన్న కాగితంతోని రుద్ది ఇంకో పూత. టేకుల నూనె ఉంటది కాబట్టి పూసే ముందు స్పిరిట్ తడిపిన గుడ్డతోని ఒకపారి తుడుచుకోండ్రి. లోపలి అరలకు పాలిష్ వద్దు. మా బాపమ్మ అల్మారి లోపల వట్టి కట్టె. అందుకే ఆ ఇంగువ వాసన దాంట్ల ఇంకింది.

ఇగ మాటలు చాలు. సానరాయి తడిపి పెట్టిన. మామిడి చిత్తు పలకలు ఆ మూలకున్నయి, నాలుగు ఉలులు ఈ గుడ్డల చుట్టి ఉన్నయి, అంచు మీ దిక్కు లేకుండ విప్పుండ్రి. బాపమ్మ తలుపు తీసి పక్కన పెట్టిన, ఇదుగో పలక గాడిల కదులుతది, వేలితోని తోసి చూడుండ్రి. ఆ సందు కనబడినోళ్లు ముందుగాల రాయి దగ్గరికి రాండ్రి.