రాత్రంతా మేలుకునే అమ్మానాన్నలకి ఒక యాప్: ఏం ఉండాలి, ఏం ఉండకూడదు?

(తెర మీద: ఫోన్ బొమ్మ, అందులో ఖాళీ గడుల పట్టిక)

పసిపిల్లల అమ్మానాన్నలకి యాప్ చేద్దాం అనగానే చాలామంది ముందు గీసేది ఇదే. పాలు ఎన్నింటికి తాగింది, ఎంతసేపు పడుకుంది, డయపర్ ఎన్నిసార్లు మార్చారు... మొత్తం పద్దుల పుస్తకం. పగలు డాక్టరుకి చూపించడానికి పనికొస్తుంది, కాదనను. అర్ధరాత్రి రెండింటికి పద్దు రాసే ఓపిక ఎవరికుంటుంది? ఆ వేళ తెరిచే యాప్ మనల్ని ఏదీ అడక్కూడదు. ఓటీపీతో సహా!

(యానిమేషన్: 24 గంటల గడియారం, దాని చుట్టూ పాల చుక్కలు)

అసలు ఈ జాగారం ఎందుకు? పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. పొట్ట చిన్నది, పాలు ఇట్టే అరిగిపోతాయి. పైగా పగలేదో రాత్రేదో ఆ ఒంటికి ఇంకా తెలీదు. నిద్రకి తోడ్పడే మెలటోనిన్ రాత్రిపూట వేళకి ఊరడం సుమారు రెండు మూడు నెలలకి గానీ మొదలవదు. అందుకే "పాప రాత్రి పడుకోవట్లేదు" అని వెతికితే యాప్ ముందుగా చెప్పాల్సింది, "ఈ వయసులో ఇది మామూలే, మీ తప్పేం లేదు" అని.

పురిటికి పుట్టింటికి వెళ్లినప్పుడు ఆ మాట అమ్మమ్మ చెప్పేది. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఇద్దరే ఉన్నప్పుడు ఎవరు చెప్తారు? (అమ్మమ్మ ఉంటే కాస్త తేనె నాకించమని కూడా అనొచ్చు. ఏడాది నిండేదాకా తేనె వద్దన్న మాట యాప్‌లో పెట్టి తీరాలి.)

(తెర మీద: నల్లటి తెర, మసక పసుపు అక్షరాలు, కింద రెండే బటన్లు)

ఒక చేతిలో బిడ్డ ఉంటుంది కాబట్టి బటన్లు బొటనవేలికి అందాలి. శబ్దం అసలు రాకూడదు.

ఒక బటన్ ఊపిరి లెక్కకి. పాప ఏడవకుండా ఉన్నప్పుడు, పొట్ట పైకి లేచినప్పుడల్లా తెర మీద ఎక్కడైనా తట్టాలి. నిమిషం కాగానే ఫోన్ సన్నగా అదిరి అంకె చూపిస్తుంది. రెండు నెలల లోపు బిడ్డకి 60 లేదా అంతకు మించితే మళ్లీ లెక్కించమంటుంది. రెండోసారీ అంతే వస్తే 108కి కలిపే బటన్ వస్తుంది. డొక్కలెగరేస్తున్నా, పాలు పట్టకుండా మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా లెక్క పెట్టే పనే లేదు, నేరుగా 108. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లమనాలి.

రెండో బటన్ పెద్దవాళ్ల కోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రసవం తర్వాత సుమారు 13 శాతం మంది తల్లులకి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్ వస్తోంది. మనలాంటి దేశాల్లో అది 20 శాతానికి దగ్గర. నాన్నలకీ రావచ్చు. దీన్ని పసిగట్టడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఉంది, పదే ప్రశ్నలు. జబ్బు ఉందని అది తేల్చదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలా అన్నది చెప్తుంది. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి "ఎప్పుడూ లేదు" తప్ప ఇంకే జవాబొచ్చినా మొత్తం మార్కుల కోసం చూడకుండా ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 తెర నిండా కనిపించాలి. 2022లో మొదలైన ఈ ఉచిత సేవ రాత్రింబవళ్లూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మరి తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు? ఉంటే బాగానే ఉంటుంది. కానీ జ్వరం మందు ఎన్ని చుక్కలు వెయ్యాలని ఒకరు అడిగితే, తోచిన అంకె ఇంకొకరు చెప్పేస్తారు. కనిపెట్టి ఉండే మనిషి కావాలి. ఇక్కడ రాత్రి రెండయితే న్యూజెర్సీలో సాయంకాలం, శిక్షణ పొందిన తెలుగువాళ్లు అక్కణ్ణుంచి చూసుకోవచ్చు. అది కుదరకపోతే చాట్ జోలికే పోవద్దు. "ఇప్పుడు ఇంతమంది మేలుకుని ఉన్నారు" అన్న అంకె చాలు.

డబ్బుల సంగతి. అడక్కుండానే ముందుకొచ్చేది డబ్బా పాల వ్యాపారం. మన దేశంలో 1992 చట్టం ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల డబ్బా పాలకి, పాలసీసాలకి ప్రకటనలు నిషేధం. చట్టం లేకపోయినా నేనైతే తీసుకోను, ఎందుకంటే పాలు చాలట్లేదేమో అన్న భయం ఎక్కువగా పుట్టేది ఆ వేళలోనే.

(తెర మీద: భుజం మీద దిండు, ఇంకో చేతిలో ఫోన్)

విడుదలకి ముందు యాప్ చేసినవాళ్లే లైట్లార్పి, భుజాన దిండు వేసుకుని, ఎడమ చేత్తో 14416 వెతకాలి. మూడో నొక్కు అవసరమైతే తెర మళ్లీ గీయాల్సిందే.